కొక్కెం లేని మొలతాడు

శంషాబాద్‌లో గొలుసులు అతికి బతుకుతానని నేను చెప్పినప్పుడు మా ఇంట్లో మొదట నవ్వింది అమ్మే.

"ఊడని గొలుసా? అగో, గట్ల దొంగలకేస్తరే. పైసలిచ్చి ఎవలన్న బేడీలు ఏపిచ్చుకుంటరా?" అంది.

అమ్మ పేరు సత్తెమ్మ, బాపు ఐలయ్య. మాది కొత్వాల్‌గూడ. ఎయిర్‌పోర్టు కార్గోలో రాత్రి డ్యూటీలు చేసి చేసి విసిగి, ఆ ఉద్యోగానికి దండం పెట్టి నేను ముంబై పోయి ఈ పని నేర్చుకొని వచ్చాను. వస్తూ వస్తూ పాలడబ్బా అంత మిషన్ ఒకటి తెచ్చుకున్నాను. పని చెప్పుకుంటే చిన్నదే. చేతికో కాలికో కొలత పెట్టి గొలుసు తుంచుతాను. రెండు కొసలనూ చిన్న రింగులోకి ఎక్కించి, ఒక్క మెరుపుతో అక్కడికక్కడే అతికేస్తాను. కొక్కెం ఉండదు. స్నానానికీ నిద్రకూ తీయాల్సిన పని లేదు. తీయాలంటే ఇక కోయడమే.

ఇదంతా విడమరిచి చెబితే బాపు చెవికి ఒక్క ముక్కే ఎక్కింది, వెల్డింగ్. హిమాయత్‌సాగర్ వెనక కౌలు చెలకలో పాలకూర, కొత్తిమీర పండించి శంషాబాద్ మార్కెట్‌కు వేస్తాడాయన. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. మార్కెట్ అంతా తిరిగి "మా పూర్ణిమ వెల్డింగ్ దుకాణం పెడుతున్నది" అని చాటింపు వేసొచ్చాడు. ఉగాది నాడు కొబ్బరికాయ కొట్టి షటర్ ఎత్తానో లేదో, మొదటి గిరాకీగా ఒకాయన ఆటో సైలెన్సర్ భుజాన మోసుకొని దిగాడు. లోపల గులాబీరంగు గోడ, నిలువుటద్దం, మెత్తటి కుర్చీ చూసి బిత్తరపోయాడు.

"ఇదేందక్కా, ఐలయ్యన్న వెల్డింగ్ అన్నడు, బ్యూటీ పార్లర్ లెక్కున్నది?"

అమ్మ నవ్వి నవ్వి పొలమారింది. బాపు మాత్రం, తప్పంతా సైలెన్సర్‌దే అన్నట్టు దాని వైపు కొరకొరా చూశాడు.

నేను కిరాయికి తీసుకున్న మడిగె బస్టాండు నుంచి రాళ్లగూడ పోయే తోవలో ఉంది. ఓనరు రత్నమాల గారు భీమవరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, పై అంతస్తులో ఉంటారు. షటర్ ఎత్తిన చప్పుడు వినగానే దిగొచ్చి గొలుసులన్నీ వేళ్ల మీద వేసుకొని చూశారు.

"బాగున్నాయమ్మా పూర్ణిమా. కానీ ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకు. మనవాళ్లు బంగారం కొనేది పెట్టుకోవడానికి కాదు, కష్టమొస్తే తాకట్టు పెట్టుకోవడానికి. ఒంటి మీద నుంచి ఊడకపోతే ఎలాగండీ?"

"గదే నేను గూడ అన్న రత్నమాలమ్మా," అంది అమ్మ. ఇద్దరూ ఒకటైపోయారు. అంటూనే రత్నమాల గారు ఎడమ చెయ్యి చాపి, సన్న గొలుసు వేయించుకొని పోయారు. నా బోణీ అదే.

ఇల్లు అలకగానే పండుగ కాదు కదా. మొదటి వారాలు ఈగలు తోలుకున్నాను. తర్వాత ఎయిర్‌పోర్టు పిల్లలు రావడం మొదలైంది. ఒకే షిఫ్టులో పని చేసి, ఒకే హాస్టల్లో ఉండి, ఒకరికి బదిలీ అయ్యే ముందు ఇద్దరూ వచ్చి ఒకే రకం గొలుసు చేతులకు అతికించుకుంటారు. మెరుపు మెరిసినప్పుడు కళ్లు మూసుకొని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. ఆ పట్టుకోవడం చూస్తే నాకు మనసు నిండేది. ఈ పని నాకు ఎందుకు నచ్చిందో అప్పుడు తెలిసేది.

అమ్మ కిడ్నీలు పాడై అప్పటికే చాలా కాలం. క్యాబ్ నడిపే తమ్ముడు పాండు డయాలసిస్ ఉన్న రోజు ఆమెను దవాఖానకు తీసుకుపోయేవాడు, లేని రోజు నా దుకాణంలో దించి పోయేవాడు. "ఇంట్ల పండుకుంటె మంచమే మింగుతది బిడ్డా" అనేది. అద్దం పక్కన స్టూలు మీద కూర్చొని వచ్చిన ప్రతి పిల్లనూ ఏ ఊరు, ఎవరి బిడ్డవు, పెళ్లయిందా అని ఆరా తీసేది. తన బిడ్డకే కాలేదన్న సంగతి ఆ పిల్లలు అడిగితే మాత్రం, "దానికి మొగుడు దొర్కిండుగని, ఆడు మిషినాయె" అనేది. పిల్లలు పకపకా నవ్వేవాళ్లు.

ఒకసారి బడంగ్‌పేట్ నుంచి ఒకామె కోడలిని వెంటబెట్టుకొని వచ్చింది. కోడలు ఎయిర్‌పోర్టులో తనిఖీల దగ్గర పని చేస్తుందట, డ్యూటీకి పోతూ పుస్తెలతాడు తీసి బ్యాగులో వేసుకుంటుందట. "మెడకు గట్టిగ సరిపోయేటట్టు పొట్టిగ చేసి అతికియ్యి. మల్ల తీసుడు ఉండద్దు," అంది అత్త. నేను కోడలి వైపు చూశాను. ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది.

"ఆమె అడిగితె చేస్తనమ్మా," అన్నాను.

"నేనడుగుతున్న గద?"

"మెడ ఆమెది గద?"

ఆ అత్త నన్ను, నా మిషన్‌ను, నా పెంపకాన్ని కలిపి తిట్టి పోయింది. అమ్మ ఏమంటుందోనని నేను బిగుసుకొని కూర్చున్నాను. అమ్మ చీర కొంగుతో విసురుకుంటూ, "గిరాకీ పోతె పోయిందిగని, నోరు మాత్రం ముమ్మాటికి నాదే వచ్చింది నీకు," అంది. పొగిడిందో తిట్టిందో ఆమెకే తెలియాలి.

* * *

ఆ ఎండకాలం మాడు పగిలేలా కాసింది. ఎండలు ముదిరే కొద్దీ అమ్మ కాళ్లు ఉబ్బసాగాయి. ఆమె కాళ్లకు వెండి కడియాలు. పెళ్లిలో అవుసలాయన వేసి, సుత్తితో తట్టి మూతులు కలిపేసినవి. అప్పటి నుంచి ఒక్కసారి తీసింది లేదు. నేను దుకాణం పెట్టిన కొత్తలో అవి చూపించి, "నీ పర్మనెంటేదో నా కాల్లకు ఎన్నడో అయిందే," అని వెక్కిరించేది. ఇప్పుడవే మాంసంలోకి దిగబడ్డాయి. డాక్టరు చూసి, వెంటనే తీయించమన్నాడు.

"అవుసలాయన సచ్చిపోయిండు. ఎవలు తీస్తరు?" అంది అమ్మ.

తీయాల్సింది నేనేనని ఇద్దరికీ తెలుసు. అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టి, కాలికీ కడియానికీ మధ్య తోలుముక్క దూర్చి, సన్న రంపంతో కోయడం మొదలుపెట్టాను. ఎంత మెల్లగా కోసినా రంపం కదిలినప్పుడల్లా ఆమె పళ్లు బిగించేది. నా దుకాణంలో అంతవరకూ నేను అతికిందే గానీ కోసింది లేదు. మొదటి కోత అమ్మ కాలి మీద పడింది. కడియాలు రెండూ ఊడాక చీలమండల చుట్టూ తెల్లటి చర్మం బయటపడింది, ఎన్నడూ ఎండ తగలని చర్మం. అమ్మ కాళ్లు చాపుకొని చాలాసేపు చూసుకుంది.

"ఎవలి కాల్లో లెక్కున్నయే," అంది.

నేను లోపలికి పోయి ఏడ్చి, మొహం కడుక్కొని వచ్చాను. వచ్చేసరికి అమ్మ ఆ కడియాలను ఒళ్లో పెట్టుకొని లెక్కలేవో కట్టుకుంటోంది.

"ఈ ఎండితోని మీ బాపుకు మొలతాడు చేపియ్యి. కొక్కెం పెట్టకు. నీ తీరుగ చెయ్యి."

"బాపుకా? బాపు ఏపిచ్చుకుంటడా?"

"నేను చెప్తె ఎందుకు ఏపిచ్చుకోడు?"

పాత బస్తీలో నాకు తెలిసిన వెండి పనాయనకు ఇచ్చి, కరిగించి తీగ తీయించి, దాన్ని గట్టి గొలుసుగా అల్లించుకొని వచ్చాను. ఒక మధ్యాహ్నం మార్కెట్ అయ్యాక బాపు దుకాణానికి వచ్చాడు. సగం షటర్ దించి, బనీను ఎత్తమన్నాను. ఆయన గోడకు అంటుకుపోయాడు.

"బిడ్డ ముంగట బనీను ఎత్తాల్నా? నీకు సిగ్గుశరం లేదానే?" అని అమ్మ మీద గయ్యిమన్నాడు.

"అబ్బో! నీ నడుము సూడనీకె శంషాబాద్ అంత లైన్ కట్టింది పో. ఎత్తయ్యా, పిల్లకు ఇంక గిరాకీ ఉన్నది."

బాపు గోడ వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకొని బనీను ఎత్తాడు. వెండి మొండిది. వేడిని గొలుసంతా పంచేసుకుంటుంది, అతుకు దగ్గర నిలవనియ్యదు. ఆయన ఒంటికి తోలుముక్క అడ్డం పెట్టి, మిషన్ జోరు పెంచి, ఊపిరి బిగబట్టుకొని అతికాను. ఒకసారి మెరిస్తే సరిపోలేదు, మళ్లీ మెరిపించి, సన్న ఆకురాయితో నున్నగా రుద్దాను. వెండి పడ్డాకే, నడుముకున్న పాత నల్లదారాన్ని అమ్మ తన చేత్తో తెంపింది. మగవాడి నడుము ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదు మా ఇళ్లల్లో.

"మంచిగున్నది," అంది అమ్మ. బాపు బనీను దించుకొని, ఎవరైనా చూశారా అన్నట్టు అటూ ఇటూ చూసి, చెప్పులు తొడుక్కోవడానికి బయటికి పోయాడు.

అప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇగ ఇది తెంపద్దు. ఎవ్వలు అడిగినా నువ్వు తెంపద్దు."

"ఎవలు అడుగుతరమ్మా?"

"మీ పెద్దబాపు. నేను పోయిననాడు."

పైన విమానం ఒకటి దిగుతోంది. ఆ చప్పుడు పోయేదాకా ఆగడం మా దిక్కు అందరికీ అలవాటే. అమ్మ కూడా ఆగింది.

మా ఇళ్లల్లో మగవాడి మొలతాడు పాతబడితే కొత్తది కట్టాకే పాతది తీస్తారు. కొత్తది కట్టకుండా తెంపేది ఒక్కసారే, పెళ్లాం పోయినప్పుడు. కర్మ చేసే పెద్దదినం నాడు నీళ్ల ఒడ్డున ఇంటిపెద్ద కత్తెరతో తెంపుతాడు. బాపు అన్న జంగయ్య పెద్దబాపుకు అలాగే తెంపారు, పెద్దమ్మ పోయినప్పుడు.

"జంగయ్య బావను సూసినవు గద," అంది అమ్మ. "ఎట్లాంటి మనిషి! మొలతాడు తెంపిన్రు, కట్టు తెగిన మోపు లెక్క గట్లనే కూలవడ్డడు. ఇయ్యాల్టికి కూడ ఒకలు పెట్టాలె, ఒకలు లేపాలె. మీ బాపు గట్ల కావద్దు. ఆయన నడుముకు కట్టు ఉండాలె."

"అమ్మా, గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఇంకెప్పుడే? పోయినంక వచ్చి చెప్పాల్నా?"

చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చాను. ఇచ్చాక ఆమె మొహం తేటబడింది. "ఇంకొకతి వచ్చి కొత్త మొలతాడు కట్టే తొవ్వ గూడ బందయింది," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

* * *

మిర్గం కార్తె తొలి చినుకులు పడిన వారంలో, డయాలసిస్ నడుస్తుండగానే అమ్మ గుండె ఆగిపోయింది. పాండు ఫోన్ చేసినప్పుడు నేను ఎవరో పిల్ల కాలికి పట్టీ అతుకుతున్నాను. ఆ పని పూర్తి చేశాను. ఎందుకు పూర్తి చేశానో నాకు ఇప్పటికీ తెలియదు, చేతులు వాటంతట అవే చేశాయి.

బాపు ఏడవలేదు. కట్టెలు పేర్పించాడు, పాడె పట్టాడు, నిప్పు పట్టుకున్న పాండు తూలితే భుజం పట్టుకొని నడిపించాడు. మరునాటి నుంచి వచ్చిన వాళ్లకు మంచినీళ్లు కూడా తనే ఇచ్చాడు. "ఐలయ్య మనిషేనా? కంట్ల నీటి సుక్క లేదు," అని ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నాకైతే అమ్మ మీద గర్వం పుట్టింది. ఆమె కట్టించిన కట్టే ఆయనను నిలబెడుతున్నదనుకున్నాను.

పెద్దదినం నాడు హిమాయత్‌సాగర్ ఒడ్డుకు పోయాం. స్నానాలయ్యాక జంగయ్య పెద్దబాపు తడి ధోవతితో, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ వచ్చి, తమ్ముడి బనీను ఎత్తి కత్తెర పెట్టబోయాడు. కత్తెర జారింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది.

"ఇదేందిరా ఐలయ్యా? ముడి ఏది దీనికి?"

"దానికి ముడి ఉండది పెద్దబాపూ," అన్నాను నేను.

"అయితె నీ దుకాన్ల సామాను ఉంటది గద. పోయి పట్కరా బిడ్డా."

"పట్కరాను. తెంపనని అమ్మకు మాటిచ్చిన."

ఒడ్డు మీద గుసగుస లేచింది. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు ఎవరో. ఇంటికి అరిష్టం అన్నారు. చదువుకున్నోళ్లతో ఇదే తంటా అన్నారు. పాండు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మా అక్క తెంపదు, ఇంకెవలన్న తెంపుతె నేను ఊకోను," అన్నాడు.

పెద్దబాపు కోపం చేయలేదు. "నాది తెంపిననాడు నాకేమన్న సంబురమైందనుకుంటున్నవా బిడ్డా? తెంపాలె గన్క తెంపిన్రు. నిలవడ్డ," అన్నాడు. అప్పుడు బాపు నోరు తెరిచాడు.

"ఉండనీ అన్నా. వాల్ల అమ్మ ఏపిచ్చింది."

పెద్దబాపు కత్తెర దించాడు. ఎవరి దగ్గరో నల్లదారం అడిగి తీసుకొని, ఆ వెండి గొలుసు మీదనే బాపు నడుముకు చుట్టి ముడి వేసి, ఆ దారాన్ని కత్తిరించి నీళ్లలో వదిలాడు. "ఇగ శాస్త్రమైంది. నడువున్రి," అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తిరిగొస్తూ నేను పాండు చెయ్యి నొక్కాను. అమ్మ గెలిచింది అనుకున్నాను.

* * *

దుకాణం మళ్లీ తెరిచాను. అమ్మ కూర్చున్న స్టూలు మీద ఎవరూ కూర్చోకుండా దాని మీద గొలుసుల పెట్టె పెట్టాను. పిల్లలు వస్తూనే ఉన్నారు, మెరుపులు మెరుస్తూనే ఉన్నాయి. ఇంట్లో బాపు పొద్దున్నే చెలకకు పోయేవాడు, కట్టలు కట్టేవాడు, మార్కెట్‌కు వేసేవాడు. పైకి చూస్తే అంతా నడుస్తోంది. కానీ ఆయన చిక్కిపోతున్నాడు. తినేది తింటున్నా ఒంటికి పట్టడం లేదు. గొలుసు వదులై తుంటి మీదికి జారేది, నడుస్తూ నడుస్తూ బనీను మీద నుంచే పైకి లాక్కునేవాడు. పొద్దున చాయ పెట్టినప్పుడల్లా ఒక గ్లాసు ఎక్కువ పోసి, దాన్ని పొయ్యి గట్టు మీద అలాగే ఉంచేవాడు. నేనూ పాండూ ఆ గ్లాసు చూసి చూడనట్టు ఊరుకునేవాళ్లం.

బోనాలకు ముందు, ఒక మధ్యాహ్నం ఆయన దుకాణానికి వచ్చాడు. ఇద్దరు పిల్లలు కూర్చొని ఉన్నారు. "ఏంది బాపూ?" అంటే, "వాల్లది కానీ," అని తలుపు పక్కన నిలబడ్డాడు. చేతులకు ఇంకా చెలక మట్టి ఉంది. పిల్లలు పోయాక వచ్చి ఆ మెత్తటి కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు.

"నాది కొయ్యి బిడ్డా."

"వదులైంది గద బాపూ. జర తుంచి చిన్నగ చేసి మల్ల అతుకుత."

"చిన్నగ గాదు. కొయ్యి."

నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆయన మీదో, పెద్దబాపు మీదో, చచ్చిపోయినందుకు అమ్మ మీదో తెలియదు.

"ఊరోల్లు ఏమన్న అన్నరా? పెద్దబాపు అన్నడా? అమ్మకు చేతిల చెయ్యేసి మాటిచ్చిన నేను. అందరి ముంగట కొట్లాడిన గద బాపూ! ఆ రోజు నువ్వే అంటివి, ఉండనీ అని."

"అన్న. మాట ఇచ్చింది నాకు తెల్సు. బయట చెప్పులు తొడుక్కుంట విన్న. అందుకే ఒడ్డు మీద అట్లన్న. అందరి ముంగట మీ అమ్మ మాట కింద పడెయ్యబుద్ధి కాలే."

నేను కుర్చీ పక్కన కింద కూలబడ్డాను. బాపు నా వైపు చూడకుండా, అద్దం వైపు కూడా చూడకుండా, తన అరచేతులు చూసుకుంటూ మాట్లాడాడు.

"నేను కూలవడ్తనని ఆమె భయం. కూలవడలే. చెలకకు పోతున్న, మార్కెటుకు పోతున్న. నిలవడుడు అయితున్నది బిడ్డా. ఆమె పోయిందన్నదే అయితలేదు. పొద్దున తెలివి వస్తది, చెయ్యి నడుం మీద పడ్తది, ఇది తగుల్తది. ఉన్నది, పొయ్యికాడ ఉన్నది అనుకుంట. ఏమే అని పిలుస్త. పిలిచినంక యాదికొస్తది. దినాం గదే. దినాం పొద్దుగాల మల్ల కొత్తగ సస్తున్నది."

పైన విమానం పోతోంది. బాపు ఆగలేదు.

"ఒక్కపారి సావనియ్యి బిడ్డా."

నేను లేవలేదు. ఆయనే మళ్లీ అన్నాడు.

"నువ్వు కొయ్యకుంటె అన్న కాడికి పోత. ఆయన ఉలి పెట్టి కొడ్తడు. నీ చెయ్యయితె మెత్తగుంటదని వచ్చిన."

షటర్ సగం దించాను. ఆ రోజు లాగా ఆయన సిగ్గుపడలేదు, గోడ వైపు తిరగలేదు. బనీను ఎత్తి నిలబడ్డాడు. పక్కటెముకలు లెక్కబెట్టొచ్చు. గొలుసు ఉన్న చోట ఒంటి మీద సన్న చార పడి ఉంది. నేను అతికిన చోటే కోద్దామని గొలుసును చుట్టూ తిప్పి వెతికాను. అక్కడ కోస్తే నేను చేసింది నేనే విప్పినట్టవుతుంది, అమ్మ కడియాల వెండి మిగతాదంతా తెగకుండా ఉంటుంది అని ఏదో పిచ్చి ఆలోచన. అద్దాలు పెట్టుకొని వెతికాను, గోరుతో తడిమాను. దొరకలేదు. నా జన్మలో అంత శుభ్రంగా అతికిన అతుకు ఇంకోటి లేదు.

"ఏం దేవులాడుతున్నవ్?" అన్నాడు బాపు.

"అతుకు బాపూ. ఏడున్నదో కనవడ్తలేదు."

"ఏడైతేంది బిడ్డా. కొయ్యి."

కోశాను. టక్కుమని చిన్న చప్పుడు. గొలుసు జారి నా చేతిలో పడింది, ఆయన ఒంటి వేడితో వెచ్చగా ఉంది. బాపు తన నడుము మీద చెయ్యి వేసుకున్నాడు. చుట్టూ తడుముకున్నాడు, వెనక కూడా తడుముకున్నాడు. ఏమీ తగల్లేదు. నేను పట్టుకొని కుర్చీలో కూర్చోబెట్టేలోగానే లోపలి నుంచి ఏడుపు పొంగుకొచ్చింది. పెద్దగా, గొంతు పగిలేలా, నోరు దాచుకోకుండా ఏడ్చాడు.

"సత్తెమ్మా," అన్నాడు. "ఓ సత్తెమ్మా. సత్తెమ్మా."

పై నుంచి రత్నమాల గారు పరుగున దిగొచ్చి, షటర్ కింద నుంచి చూసి, ఏమీ అడగకుండా బయటే నిలబడ్డారు. వచ్చిన పిల్లలను రేపు రమ్మని పంపించేయడం వినిపించింది. నేను ఆయన తల నా కడుపుకు హత్తుకొని నిలబడ్డాను. ఎంతసేపైనా ఏడవనీ అనుకున్నాను.

మా దిక్కు మొగుడూ పెళ్లాలు పేర్లు పెట్టి పిలుచుకోరు. బాపు నోట అమ్మ పేరు నేను పుట్టిన తర్వాత వినడం అదే మొదలు. అమ్మ మాత్రం ఒక్కసారీ వినకుండానే పోయింది.